పద్దెనిమిది పొరల గాజు

ల్యాబులో నా పని గాజు కడగడం. పొద్దున తొమ్మిదింటికి నేను వెళ్ళేసరికి తొట్టెలో నిన్నటి స్లయిడ్లు నానుతూ ఉంటాయి. ఒక్కొక్కటే తీసి సబ్బు నీళ్ళలో ఒకసారి, మంచి నీళ్ళలో మూడుసార్లు, ఆఖర్న స్పిరిట్‌లో ఒకసారి ముంచి, పోగు రాలని మెత్తటి గుడ్డతో తుడుస్తాను. కిటికీ వెలుగుకి ఎత్తి చూస్తాను. మరక కనబడితే మళ్ళీ మొదటికి. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. ఎవరి వేలి మరక ఎలా ఉంటుందో చూసి చెప్పగలను. పైవాళ్ళు ఎవరైనా గ్లవుసులు లేకుండా గాజు ముట్టుకుంటే వాళ్ళు ఒప్పుకోకముందే నాకు తెలిసిపోతుంది. కానీ చెప్పను. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పడతాయి.

"నువ్వు ఇంకో నాలుగేళ్ళు తుడిచావంటే గాజే మాయమైపోతుందమ్మా," అని నవ్వేది నా కూతురు. దాన్ని పిచ్చుక అంటాను. పుట్టినప్పుడు గుప్పెడే ఉంది, మాట వచ్చాక నోరు మూయలేదు. పంతొమ్మిదేళ్ళు. సంచులు కుట్టే చోట పని చేసేది. ఇంట్లో మేమిద్దరమే.

మూడు నెలల క్రితం పిచ్చుకకి జ్వరం పట్టుకుంది. ఎంతకీ పోదు. పొద్దున్నే కాస్త తగ్గినట్టుండి పదింటికి మళ్ళీ ఒళ్ళు కాలిపోయేది. మూడు ఆసుపత్రులు తిరిగాం. రక్తం తీశారు, ఎక్సరేలు తీశారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేకుండానే పిల్ల సగమైపోయింది. మాటలు తగ్గిపోయాయి. ఒకరోజు నీళ్ళు తాగించడానికి లేపితే కళ్ళు తెరవకుండానే, "అమ్మా, ఎవరో లోపల పట్టుకున్నట్టుంది," అంది.

"ఎక్కడ?"

"అంతటా."

ఆ నెలలోనే మా ల్యాబులో కొత్త గాజు పలక తయారైంది.

దాన్ని తయారు చేసినావిడని అందరూ డాక్టరమ్మ అంటారు. ముప్పై దాటిన మనిషి, ఎప్పుడూ సగం తిన్న బిస్కెట్టు జేబులో ఉంటుంది. మొదట్లో నేను తలనొప్పికి మాత్ర అడిగితే పడీపడీ నవ్వింది. "నేను మందులిచ్చే డాక్టర్ని కాదక్కా, వెలుగుకి వైద్యం చేసే డాక్టర్ని." పైవాళ్ళందరిలో నాతో నిలబడి మాట్లాడేది ఆవిడొక్కతే. నేను పలక తుడుస్తుంటే పక్కనే నిలబడి ఆ పలక ఏం చేస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"వెలుగంటే అల అక్కా, నీళ్ళలో అలలాగే. పెద్ద అల పోతుంటే మధ్యలో గడ్డిపోచ ఉందనుకో, అలకి ఆ పోచ ఉన్నట్టే తెలీదు. దాటుకుని పోతుంది. మరీ చిన్నవాటిని వెలుగు కూడా అలాగే దాటేస్తుంది. ఎంత పెద్ద మైక్రోస్కోపు తెచ్చినా అంతే."

"మరి చిన్నవి ఎలా కనబడతాయమ్మా?"

"వాటి సంగతి చెప్పే వెలుగు కూడా ఉంటుంది. కానీ అది పుట్టిన చోటే చచ్చిపోతుంది. వెంట్రుక మందంలో వందో వంతు దూరం కూడా రాలేదు. ఈ పలక దాన్ని చావనివ్వదు. చెయ్యి పట్టుకుని పైకి తీసుకొస్తుంది."

చూడ్డానికి అది మామూలు గాజు ముక్కే. బొటనవేలి గోరంత. దానిమీద వెండి ఒక పొర, వేరే పదార్థం ఒక పొర, మళ్ళీ వెండి, మళ్ళీ అది... అలా పద్దెనిమిది పొరల పూత. పద్దెనిమిదీ కలిపినా వెంట్రుక మందంలో వందో వంతు లేదట. వంచి చూస్తే ఊదారంగులో మెరిసేది. చూడాల్సింది ఏదైనా ఆ పూతకి అంటుకుని ఉండాలి, ఆ పైన పచ్చటి దీపం వెలగాలి. అప్పుడు కంప్యూటరు తెర మీద బొమ్మ వస్తుంది.

ఆవిడని ఒక మాట అడగాలని పదకొండు రోజులు అనుకున్నాను. గాజు కడుగుతూ, మెట్లు దిగుతూ, బస్సులో కూర్చుని ఆ మాటే లోలోపల చెప్పుకున్నాను. పన్నెండో రోజు నోరు పెగిలింది.

"మా పిల్ల రక్తం ఒక చుక్క... మీ పలక మీద పెట్టి చూస్తారా?"

ఆవిడ జేబులోంచి బిస్కెట్టు తీసి, తినకుండా మళ్ళీ లోపల పెట్టేసుకుంది. "అది రూలు కాదక్కా. పైగా చూసినా నాకేం తెలుస్తుంది?"

"ఏమీ లేదని చెప్పినవాళ్ళు ముగ్గురున్నారమ్మా. మీరు నాలుగోవారు అవుతారు. అంతే కదా?"

నా నోటి నుంచి అంత మాట వస్తుందని నేనే అనుకోలేదు. ఆవిడ నిట్టూర్చి, "ఆదివారం మధ్యాహ్నం రా. లిఫ్టు తిరగదు, భవనం కదలదు, బొమ్మ చెదరదు. చుక్కని స్లయిడు మీద పలచగా పరిచి, ఆరబెట్టి, స్పిరిట్‌లో ముంచి తీసుకురా. బతికున్నదేదీ పలక మీద పెట్టకూడదు, గుర్తుంచుకో," అంది.

గుర్తుంది. స్పిరిట్ సీసా నా సంచిలోనే ఉంది. కానీ నేను ముంచలేదు. పిల్ల లోపల ఏదో ఉంటే స్పిరిట్‌లో అది చచ్చిపోతుంది కదా, చచ్చి కడుక్కుపోయాక ఇంకేం కనబడుతుంది అనుకున్నాను. పద్నాలుగేళ్ళు స్పిరిట్‌తో మరకలు పోగొట్టినదాన్ని, నాకు అలాగే తోచింది. ఆదివారం పొద్దున పిచ్చుక వేలు సూదితో గుచ్చి, చుక్కని చిన్న సీసాలో పట్టి, గడ్డ కట్టకుండా ల్యాబు వాళ్ళు వాడే మందు నీళ్ళు కలిపి, రవిక లోపల వెచ్చగా పెట్టుకుని వెళ్ళాను. డాక్టరమ్మకి చెప్పలేదు. పలక మీద పెట్టింది నేనే, మరక పడకుండా దాన్ని ముట్టుకోవడం నాకే వచ్చు కాబట్టి.

తప్పంతా అక్కడే జరిగింది.

ఆదివారం ఆ భవనం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు అంతకుముందు తెలీదు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ. మైక్రోస్కోపు గదిలో మాత్రం గోడలకి నల్ల రంగు, తలుపుకి రెండు వరసల నల్ల తెరలు. లోపలికి అడుగు పెడితే మన చెయ్యి మనకి కనబడదు. స్పిరిట్ వాసన, వేడెక్కిన దుమ్ము వాసన. ఎక్కడో పంపులో నీటి బొట్టు పడుతున్న చప్పుడు. డాక్టరమ్మ ఊపిరి వినబడుతోంది.

పచ్చ దీపం వెలిగింది. సూది మొనంత వెలుగు పలక మీద పడింది. ముందు మామూలు బొమ్మ వచ్చింది. గుండ్రటి రక్తకణాలు, బిళ్ళల్లాగా, ఒకదాని పక్కన ఒకటి.

"చూశావా? శుభ్రంగా ఉన్నాయి," అంది డాక్టరమ్మ. గొంతులో హాయి వినబడింది. "ఇప్పుడు పలకతో చూద్దాం."

ఏదో మీట నొక్కింది. బొమ్మ మసకబారి, మెల్లగా తేరుకుంది. ఇప్పుడు తెర నిండా ఒకే ఒక్క కణం.

దాని మీద మరకలున్నాయి.

నాలుగు చిన్న మచ్చలు వరసగా, కొంచెం పక్కన ఒకటి, కింద వెడల్పుగా ఒకటి. అలాంటి గుంపులు ఆ కణం చుట్టూ ఏడో ఎనిమిదో.

"పలక మీద దుమ్ము," అంది ఆవిడ. "లేదా పూతలో లోపం."

నేను తెరకి దగ్గరగా వంగాను. గాజు మీద చెయ్యి ఆన్చితే ఏ మరక పడుతుందో లోకంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు. నాలుగు వేళ్ళు, బొటనవేలు, అరచెయ్యి.

"అమ్మా... అవి చేతులు."

"ఏంటక్కా?"

"చేతులమ్మా. పట్టుకున్నాయి."

ఆవిడ ఇంకో కణం చూసింది. దాని మీదా ఉన్నాయి. ఇంకోటి. దాని మీదా. అన్నీ ఒకే కొలత. వెంట్రుక మందంలో మూడొందల చేతులు పడతాయి. నొక్కిన చోట కణం సొట్టపడి ఉంది, మెత్తటి పండుని గట్టిగా పట్టుకుంటే పడే సొట్టలాగా.

"వెలుగు పెంచుతాను," అంది ఆవిడ. "సరిగ్గా కనబడటం లేదు."

వద్దనాలి. నా నోరు పెగల్లేదు.

పచ్చటి వెలుగు రెండింతలైంది. తెర మీద ఒక చెయ్యి... కదిలింది. వేళ్ళు ఒకటొకటిగా విడివడ్డాయి. చిటికెన వేలు ముందు. తర్వాత పక్కది. కణాన్ని వదిలేసింది. ఇంకో చెయ్యి వదిలేసింది. ఇంకోటి. అన్నీ వదిలేసి... పైకి వస్తున్నాయి. మా వైపు. ఒకటి తెర మధ్యలోకి వచ్చి ఆగింది. అరచెయ్యి పరిచి ఆన్చింది. కింద నుంచి. పలకకి అటువైపు నుంచి.

"అక్కా," గుసగుసగా అంది డాక్టరమ్మ. "వెలుగు వెళ్ళిన దారిన తిరిగి రాగలదు. లెన్సులో అదే నియమం. మనకి అది కనబడుతోందంటే..."



అప్పుడే నా ఫోను మోగింది. ఇద్దరం ఎగిరి పడ్డాం. పిచ్చుక.

"అమ్మా! జ్వరం దిగిపోయింది! ఇప్పుడే, ఉన్నట్టుండి. ఒళ్ళంతా చెమట. ఎవరో వదిలేసినట్టుందే. అమ్మా, ఆకలేస్తోంది. ఏముంది తినడానికి?"

మూడు నెలలయింది ఆ పిల్ల నోట ఆకలి అన్న మాట విని. నాకు ఏడుపొచ్చింది. అదే క్షణాన డాక్టరమ్మ తెర వంక చూస్తూ వెనక్కి వెనక్కి జరిగి గోడకి తగిలింది. తెర నిండా అరచేతులే. సందు లేదు. ఆవిడ భయంతో చెయ్యి చాపి దీపం ఆర్పేసింది.

చీకటి.

ఫోనులో పిచ్చుక మాట మధ్యలో ఆగిపోయింది. తర్వాత... ఒక మూలుగు.

"అమ్మా... మళ్ళీ... పట్టుకుంది. అమ్మా..."

"వెలిగించండి!" అని అరిచాను. జన్మలో నేను అరిచిన మొదటి అరుపు అదే. "దీపం వెలిగించండమ్మా!"

వెలిగింది. చేతులన్నీ మళ్ళీ పైకి వచ్చి అతుక్కున్నాయి. ఫోనులో పిచ్చుక రొప్పుతూ, "పోయింది... పోయిందమ్మా," అంది.

మేమిద్దరం ఆ పచ్చటి వెలుగులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ దీపం వెలుగుతున్నంతసేపే నా కూతురు నా కూతురు.

అప్పుడు చెప్పాను, స్పిరిట్‌లో ముంచలేదని. కొడుతుందనుకున్నాను. ఆవిడ తల వంచుకుని, "ముంచి ఉంటే దాన్ని చూసేవాళ్ళం కాదు, అదీ మనల్ని చూసేది కాదు. ఏది మంచో నాకు తెలీదక్కా," అంది.

తలుపు మీద కాగితం అంటించింది. ప్రయోగం నడుస్తోంది, ఎవరూ లోపలికి రావద్దు, దీపం ఆర్పవద్దు అని. పైవాళ్ళు ఏమీ అడగలేదు. పెద్ద ప్రయోగమేదో చేస్తోందనుకున్నారు. "పేరు మోగిపోతుందన్నమాట," అని ఎగతాళి చేశారు. నేను రోజూ మూడుసార్లు ఆ గదిలోకి వెళ్ళి దీపం చూసి వచ్చేదాన్ని. తెర వైపు చూసేదాన్ని కాదు. కానీ వినబడేది. తడి గాజు మీద వేలు ఈడిస్తే వచ్చే సన్నటి కీచు... నాకు బాగా తెలిసిన చప్పుడు. ఎక్కడినుంచో చెప్పలేనంత చిన్నగా.

ఇంట్లో మాత్రం పండగలా ఉంది. పిచ్చుక రెండు పూటలా తిని మూడోసారి గిన్నె గోకేది. "ఈ ఇంట్లో ఎలుకలు కూడా నన్ను చూసి బెంగ పెట్టుకుంటాయి," అనేది. బుగ్గలు వచ్చాయి. పనికి వెళ్తానంది. పక్కింటావిడ వచ్చి, "ఏ డాక్టరు బాగు చేశాడు?" అని అడిగితే, "మందులివ్వని డాక్టరు," అన్నాను. పిచ్చుకకి మాత్రం పలక సంగతి, దీపం సంగతి చెప్పలేదు. ఎలా చెప్పను?

తొమ్మిదో రోజు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. కళ్ళ కింద నల్లటి చారలు.

"దీపం రెపరెపలాడుతోందక్కా. దానికి ఇన్ని గంటలని ఆయుష్షు ఉంటుంది. అయిపోవచ్చింది. కొత్తది తెప్పించాను. కానీ అది కూర్చునే గూడు ఒక్కటే. పాతది తీస్తేగానీ కొత్తది పట్టదు."

"ఎంతసేపు?"

"అరనిమిషం. పది సార్లు సాధన చేశాను. అరనిమిషం దాటదు."

అరనిమిషం. మూడు నెలలు ఓర్చుకున్న పిల్ల అరనిమిషం ఓర్చుకోలేదా అనుకున్నాను. అయినా నేను ఆ గదిలో ఉండలేనన్నాను. పిల్ల పక్కన ఉంటానన్నాను.

మధ్యాహ్నం రెండున్నరకి ఇంటికి వచ్చాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. పిచ్చుక మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. పక్కన కూర్చుని దాని చెయ్యి నా చేతుల్లోకి తీసుకున్నాను.

"ఏంటమ్మా? ఈ వేళప్పుడు వచ్చావు? పని మాన్పించేశారా?"

"లేదే. నిన్ను చూడాలనిపించింది."

"నన్నా! రోజూ చూసే మొహమేగా," అని నవ్వింది.

ఇంకో చేత్తో ఫోను చెవికి ఆన్చుకున్నాను. అటునుంచి డాక్టరమ్మ గొంతు. "తీస్తున్నా అక్కా. లెక్కపెట్టు."

ఒకటి. రెండు. మూడు.

పిచ్చుక నవ్వు ఆగింది. దువ్వెన కింద పడింది.

ఏడు. ఎనిమిది.

చెయ్యి వేడెక్కింది. నిప్పు మీద పెట్టిన గిన్నెలా. "అమ్మా," అంది. "ఎందుకిలా..."

"ఏం లేదు తల్లీ. ఇప్పుడే పోతుంది. ఇప్పుడే."

పదమూడు. పద్నాలుగు. పిల్ల ఒళ్ళు విల్లులా వంగింది. పళ్ళు కరచుకుపోయాయి. నా చేతిలో దాని వేళ్ళు బిగుసుకుంటున్నాయి. నొప్పి. ఫోనులో ఇనుము ఇనుముకి రాసుకుంటున్న చప్పుడు, డాక్టరమ్మ ఏదో గొణుక్కుంటోంది.

పంతొమ్మిది. ఇరవై.

"తొందరగా... తొందరగా అమ్మా..." అన్నాను ఫోనులో డాక్టరమ్మతో.

ఇరవై రెండు.

పిచ్చుక వేళ్ళు వదులయ్యాయి. ఒళ్ళు చల్లబడింది. మొహం మీద చెమట. కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి తీసుకుంది. జ్వరం పోయింది.

"వెలిగించారా? దేవతలా వెలిగించారమ్మా!" అన్నాను.

"ఇంకా లేదక్కా. ఒక్క మర బిగించాలి."

మరి దీపం లేకుండానే పిల్ల ఎలా చల్లబడింది? ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది.

"ఆ... వెలిగింది. వెలిగిందక్కా! ఎలా ఉంది పిల్ల?"

"బాగుంది. బాగానే ఉందమ్మా."

అటువైపు మీటలు నొక్కుతున్న చప్పుడు. తర్వాత గుసగుస.

"అక్కా... పలక మీద ఏమీ లేదు."

"అంటే?"

"ఒక్క చెయ్యి కూడా లేదు. కణాల మీద కూడా లేవు. అంతా వెతికాను. ఖాళీ. శుభ్రంగా ఉంది, నువ్వు కడిగినట్టు."

నేను పిచ్చుక వంక చూశాను. అది అప్పటికే కళ్ళు తెరిచి ఉంది. ఒంట్లో ఏ బాధా లేదు, ఎండలో బుగ్గలు మెరుస్తున్నాయి. నన్నే చూస్తోంది. మెల్లగా లేచి, నా మీదికి వంగింది. ఎడమ కన్ను మూసింది. కుడి కన్నుతో చూస్తూ మొహాన్ని నా మొహానికి దగ్గరగా తెచ్చింది... కొంచెం వెనక్కి తీసింది... మైక్రోస్కోపు సరిచేసుకున్నట్టు మళ్ళీ వెంట్రుకవాసి దగ్గరగా తెచ్చింది. ఆగింది. నా పిల్ల ఎప్పుడూ నన్ను అలా చూడలేదు.

నా చేతిని ఇంకా వదల్లేదు.

"కదలకమ్మా," అంది, చాలా ముద్దుగా. "ఇప్పుడిప్పుడే కనబడుతున్నావు."